వేప్‌ను ఆన్‌లోనే వదిలేస్తే రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుందా? కొలిచి చూసినవాడి సమాధానం

మీరు అడిగింది ఇదీ: బటన్ ఉన్న పాడ్ వేప్ (లిక్విడ్ ఉండే చిన్న డబ్బాను, అంటే పాడ్‌ను, బిగించి వాడే ఈ-సిగరెట్) వాడటం మొదలుపెట్టి నాలుగు నెలలైంది, రాత్రి పడుకునేముందు ఆఫ్ చేయడం మర్చిపోతున్నారు, పొద్దున లేచి చూస్తే రాత్రి నిండుగా ఉన్న బ్యాటరీలో ఒక గీత తగ్గి కనిపిస్తోంది. ఆన్‌లో వదిలేయడం వల్లేనా, ప్రతిసారీ ఐదుసార్లు బటన్ నొక్కి ఆఫ్ చేయాల్సిందేనా అని.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆన్‌లో ఉంచితే బ్యాటరీ ఖర్చవుతుంది, కానీ ఒక రాత్రిలో మీ కంటికి ఆనేంత కాదు. బాగున్న డివైజ్ ఏదైనా సరే, ముట్టుకోకుండా పక్కన పెడితే రోజుల తరబడి అలాగే ఉండాలి. అలా కాకుండా తెల్లారేసరికి బాగా దిగిపోతోందంటే కారణం ఇంకోటి ఉంది, దాన్ని వెతికి పట్టుకోవాలి. అయినా సరే జేబులోనో బ్యాగులోనో వేసుకునేముందు ఆఫ్ చేయమనే నేను చెబుతాను. అది బ్యాటరీ మిగుల్చుకోవడానికి కాదు, బటన్ దానంతటదే నొక్కుకుపోకుండా ఉండటానికి.

చిన్న ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేయడం నా పని. ఫోన్లు, టార్చిలైట్లు, స్పీకర్లతోపాటు చాలా ఏళ్లుగా వేప్‌లు కూడా నా బల్ల మీదికి వస్తున్నాయి, "బ్యాటరీ నిలవట్లేదు" అనే ఫిర్యాదుతో వచ్చినవాటిని విప్పి కొలిచి చూసిన అనుభవంతోనే ఇదంతా రాస్తున్నాను.

ఆన్ అనే మాట దగ్గరే అసలు తికమక. ఫ్యాను ఆన్ చేస్తే తిరుగుతూనే ఉంటుంది, బల్బు ఆన్ చేస్తే వెలుగుతూనే ఉంటుంది, అందుకని వేప్ ఆన్‌లో ఉందంటే లోపల ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుందని అనుకుంటాం. కానీ వేప్‌లో కరెంటు గట్టిగా లాగేది లిక్విడ్‌ను వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట, అంటే కాయిల్ ఒక్కటే, అది వేడెక్కేది మీరు బటన్ నొక్కినప్పుడో దమ్ము లాగినప్పుడో మాత్రమే. మిగతా టైమంతా బ్యాటరీకీ కాయిల్‌కీ మధ్య దారి తెగిపోయి ఉంటుంది, ఆ దారిని తెరిచి మూసేది మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్. స్క్రీన్ ఆరిపోయిన కాసేపటికి బోర్డు మీద ఉన్న చిప్పు కూడా నిద్రలోకి జారుకుంటుంది. అదీ కోడినిద్ర, బటన్ మీద వేలు పడితే చాలు లేచి కూర్చుంటుంది. మీరు ఆన్‌లో ఉంది అంటున్న స్థితి ఇదే.

మరి ఆఫ్ అంటే? ఐదుసార్లు నొక్కి ఆఫ్ చేసిన డివైజ్‌ను మళ్లీ ఐదుసార్లు నొక్కే కదా ఆన్ చేస్తారు. ఆ ఐదు నొక్కుళ్లను లెక్కపెట్టేది ఎవరు? ఆ చిప్పే. అంటే ఆఫ్‌లో కూడా దానికి కరెంటు అందుతూనే ఉంది, అప్పుడూ అదే కోడినిద్ర. తేడా ఏమిటంటే ఆన్‌లో ఉన్నప్పుడు ఒక్క నొక్కుకే కాయిల్‌ను మండిస్తుంది, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక్క నొక్కును పట్టించుకోదు, వరసగా ఐదు పడితేనే లేస్తుంది. నేను కొలిచిన వాటిలో చాలా డివైజ్‌లకు ఆన్‌లో నిద్రపోతున్నప్పటి కరెంటుకూ ఆఫ్ చేసినప్పటి కరెంటుకూ తేడా చాలా కొంచెం, కొన్నింటికైతే అసలు లేదు. పక్కన జరిపే స్విచ్ ఉన్న మోడళ్లలో కూడా కొన్నింటిలో ఆ స్విచ్ బ్యాటరీ తీగను తెంపదు, చిప్పుకు "ఇక పడుకో" అని కబురు చెబుతుందంతే.

ఇప్పుడు లెక్కకు వద్దాం, ఎందుకంటే అంకెలు చూస్తే తప్ప ఈ అనుమానం తీరదు. 15 వాట్ల మీద నడిచే మామూలు పాడ్ దమ్ము లాగేటప్పుడు బ్యాటరీ నుంచి సుమారు 4 యాంపియర్లు తీసుకుంటుంది, అంటే 4000 మిల్లీయాంపియర్లు. నిద్రలో ఉన్న బోర్డు లాగేది నా చేతికి వచ్చిన వాటిలో ఎక్కువగా పది ఇరవై మైక్రోయాంపియర్ల నుంచి కొన్ని వందల మైక్రోయాంపియర్ల దాకా ఉంది. మధ్యలో 100 మైక్రోయాంపియర్లు అనుకుందాం, అంటే మిల్లీయాంపియర్‌లో పదోవంతు. రెండింటికీ మధ్య తేడా నలభై వేల రెట్లు. మూడు సెకన్ల ఒక్క దమ్ముకు ఎంత చార్జి ఖర్చవుతుందో అంత ఈ నిద్రలో ఖర్చవ్వాలంటే 33 గంటలు పడుతుంది. మీరు ఎనిమిది గంటలు పడుకుంటే ఆ రాత్రంతా కలిపి పోయేది ఒక దమ్ములో నాలుగోవంతు. కుండ చెమర్చినంత, అంతే. దమ్ము లాగడమంటే కుండ వంచి నీళ్లు పోయడం.

సరే, మీ డివైజ్ నాసిరకం బోర్డుతో వచ్చింది, నిద్రలో కూడా 1 మిల్లీయాంపియర్ తాగుతోంది అనుకుందాం. అప్పుడు రాత్రికి 8 మిల్లీయాంప్-అవర్లు (బ్యాటరీలో పట్టే చార్జిని కొలిచే లెక్క ఇది) పోతాయి. 1000 మిల్లీయాంప్-అవర్ల పాడ్‌లో అది ఒక శాతం కూడా కాదు. ఊరికే పెట్టి ఉంచితే అది పూర్తిగా అయిపోవడానికి 1000 గంటలు, అంటే నలభై రోజుల పైన కావాలి. 3000 మిల్లీయాంప్-అవర్ల 18650 సెల్ (వేలంత పొడవుండే గుండ్రటి సెల్) వేసుకునే మాడ్, అంటే పెద్ద రకం వేప్ అయితే 125 రోజులు. చిన్న పెన్నుల్లాంటివి 300, 400 మిల్లీయాంప్-అవర్లతో వస్తాయి కదా, వాటికి మాత్రం ఇలాంటి బోర్డు పడితే రెండు వారాల్లో తేడా తెలిసిపోతుంది, వాటిని వాడనప్పుడు ఆఫ్ చేసి, పనిలో పనిగా చార్జి కూడా చూసుకుంటూ ఉండటం మంచిది.

ఇంకో సంగతి. అసలు కరెంటు ఏమీ లాగని చోట పెట్టినా లిథియం అయాన్ సెల్ తనంతట తాను కొంచెం దిగుతుంది, మామూలు వేడిలో నెలకు రెండు మూడు శాతం దాకా. నిండుగా చార్జి చేసి ఎండ తగిలే చోట పెడితే ఇంకా ఎక్కువ. మంచి బోర్డు నిద్రలో లాగేదీ ఇదీ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి.

ఇంత చెప్పినా నమ్మకం కుదరకపోతే, బటనే లేకుండా నోటితో లాగగానే పనిచేసే వేప్‌ల గురించి ఒకసారి ఆలోచించండి. వాటిలో చాలావాటికి ఆఫ్ అనేదే ఉండదు. లోపల చిన్న మైక్ బిళ్లలాంటి సెన్సర్ ఒకటి ఉంటుంది, గాలి ఒత్తిడి తగ్గగానే అందులోని పలుచటి పొర కదిలి చిప్పును లేపుతుంది. ఆ సెన్సర్ తయారైన రోజు నుంచి బ్యాటరీకి తగిలించే ఉంటుంది, అయినా నెలల తర్వాత పెట్టె విప్పినా పనిచేస్తుంది. ఆన్‌లో ఉండటమే బ్యాటరీని తినేసేదైతే అవి పెట్టెల్లోనే చచ్చిపోవాలి.

మరి మీకు ఒక గీత ఎందుకు తగ్గుతోంది? నా అనుమానం ముందుగా ఆ గీతల మీదే. వేప్‌లలో చాలావరకు బ్యాటరీలో ఎంత మిగిలిందో నిజంగా కొలిచే ఏర్పాటు ఉండదు, వోల్టేజీ చూసి అంచనా కట్టి గీతలు చూపిస్తాయి. చార్జర్ నుంచి తీసిన క్షణాన సెల్ 4.20 వోల్టుల దగ్గర ఉంటుంది, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకపోయినా కాసేపట్లో కొద్దిగా కిందికి దిగి స్థిరపడుతుంది. కొత్త సెల్ అయితే 4.18 దగ్గర ఆగుతుంది, బాగా వాడిన సెల్ అయితే 4.10 దాకా కూడా దిగుతుంది. అక్కడ పోయింది కరెంటు కాదు, పాలు పొంగి దిగినట్టు వోల్టేజీ సర్దుకుంది. కానీ నిండు గీతకూ దాని కింది గీతకూ సరిహద్దు అక్కడెక్కడో పెట్టి ఉంటే ఉదయానికి ఒక గీత మాయమైనట్టు కనిపిస్తుంది. మీరు రాత్రి చార్జర్ తీసి పడుకుని పొద్దున చూస్తున్నట్టయితే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. దీన్ని పట్టుకోవడం సులువే. చార్జర్ తీశాక గంటో రెండు గంటలో ఆగి, నాలుగు దమ్ములు లాగి, అప్పుడు గీతలు చూసి గుర్తు పెట్టుకోండి. పొద్దుటికి అదే ఉంటే బెంగ పెట్టుకోవాల్సిన పనిలేదు. చలిలో కూడా ఇలాంటిదే జరుగుతుంది, చల్లబడిన సెల్ దమ్ము లాగేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోయి "బ్యాటరీ తక్కువ" అని చూపిస్తుంది, చేతిలో కాసేపు వెచ్చబడ్డాక మళ్లీ గీతలు వచ్చేస్తాయి.

గీతలది కాదు, నిజంగానే దిగిపోతోంది అని తేలితే మొదట స్క్రీన్ చూడండి. వేప్‌లో రెండో తిండిపోతు అదే. వెలిగి ఉన్న స్క్రీన్ సులువుగా 20 మిల్లీయాంపియర్లు తాగుతుంది, రంగుల స్క్రీన్ అయితే ఇంకా ఎక్కువ. కొన్ని డివైజ్‌లలో వాడనప్పుడు గడియారమో బొమ్మో చూపించే సెట్టింగ్ ఉంటుంది, అది పొరపాటున ఎప్పటికీ వెలిగి ఉండేలా పెట్టుకుంటే రాత్రి ఎనిమిది గంటలకు 160 మిల్లీయాంప్-అవర్లు పోతాయి, అంటే 1000 మిల్లీయాంప్-అవర్ల పాడ్‌లో ఆరోవంతు. ఇది కంటికి కనిపించే నష్టమే. సెట్టింగుల్లోకి వెళ్లి స్క్రీన్ ఆరిపోయే సమయం 10 సెకన్లో 15 సెకన్లో పెట్టండి, వెలుతురు తగ్గించండి. బ్లూటూత్ ఉంటే ఆపేయండి. స్క్రీన్ పూర్తిగా ఆర్పేసే స్టెల్త్ మోడ్ ఉంటే మరీ మంచిది.

స్క్రీన్ కూడా సరిగ్గానే ఉంటే మిగిలేది కాస్త ఆలోచించాల్సిన విషయం. మీకు తెలియకుండా డివైజ్ తనంతట తాను వెలుగుతూ ఉండొచ్చు. లిక్విడ్ కారి బటన్ కిందికి చేరి ఆరితే అక్కడ పాకంలా జిగట కట్టేస్తుంది, నొక్కిన బటన్ పూర్తిగా పైకి రాదు. నోటితో లాగే రకాల్లో ఆ తేమ సెన్సర్ మీద పడి, ఎవరూ లాగకుండానే లైటు మిణుకుమిణుకుమంటుంది. పాడ్ కింద ఉన్న బంగారు రంగు పిన్నుల చుట్టూ తేమ, మసి పేరుకుంటే బోర్డు మాటిమాటికీ పాడ్ తీసి పెట్టారనుకుని లేచి కూర్చుంటూ ఉంటుంది, లేచినప్పుడల్లా స్క్రీన్, లైట్లు, కాయిల్ పరీక్ష అన్నీ మొదలు. నా దగ్గరికి వచ్చిన ఒక పాడ్ ఇలాగే రోజున్నరకే అయిపోతోందని తెచ్చారు. విప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది, పాడ్ తీసి చూస్తే లోపలి గుంతలో సన్నటి పొరలా లిక్విడ్ నిలిచి ఉంది, వెలుతురులో వంచితే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా పాకుతోంది. దూది పుల్లతో పీల్చి, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పాడ్ బిగించి ఇచ్చాను. బ్యాటరీ మార్చలేదు, బోర్డు ముట్టుకోలేదు, మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు. కాబట్టి వారానికోసారి పాడ్ తీసి ఆ గుంత తుడవండి, మీ బ్యాటరీ కోసం మీరు చేయగలిగిన వాటిలో ఇదే అన్నిటికన్నా పనికొచ్చేది.

ఇక సెల్ పాతబడటం. లిథియం అయాన్ సెల్‌లు మామూలుగా మూడు నుంచి అయిదు వందల పూర్తి చార్జింగ్‌ల తర్వాత మొదట్లో ఉన్న సామర్థ్యంలో 80 శాతానికి వస్తాయి. రోజుకోసారి చార్జి చేస్తే ఏడాది ఏడాదిన్నరలో అక్కడికి చేరుతుంది, నాలుగు నెలలకు కాదు. మీరు వాటేజీ పెంచుకున్నారేమో, ఇదివరకటి కన్నా తక్కువ రెసిస్టెన్స్ కాయిల్ వేసుకున్నారేమో, ఎక్కువసేపు లాగుతున్నారేమో కూడా చూడండి. అప్పుడు రాత్రి దిగిపోయిందనిపించేది నిజానికి పగలు ఖర్చైపోయి ఉంటుంది.

ఊహల మీద కాకుండా తేల్చుకోవాలంటే ఒక పరీక్ష చేయండి. నిండా చార్జి చేసి, రెండు గంటలు ఆగి, శాతం చూపించే డివైజ్ అయితే ఆ శాతం, లేకపోతే గీతలు కాగితం మీద రాసుకోండి. ఆన్‌లోనే ఉంచి రెండు రోజులు ముట్టుకోకుండా పక్కన పెట్టి మళ్లీ చూడండి. తర్వాత మళ్లీ నిండా చార్జి చేసి, ఆఫ్ చేసి, అదే రెండు రోజులు. మధ్యలో ఉబలాటపడి స్క్రీన్ వెలిగించి చూడకూడదు. సెల్ బయటికి తీయగలిగే మాడ్ అయితే ఇంకా మంచిది, మల్టీమీటర్‌తో సెల్ వోల్టేజీ రెండు సార్లు కొలవండి, వోల్టులో నూరోవంతు వరకు రాసుకోండి. బాగున్న సెల్, బాగున్న బోర్డు అయితే ఆన్‌లో పెట్టినా ఆఫ్‌లో పెట్టినా రెండు రోజుల్లో ఒకటి రెండు నూరోవంతులకు మించి తేడా రాకూడదు. ఇప్పుడు అదే సెల్‌ను డివైజ్‌లో పెట్టకుండా ప్లాస్టిక్ డబ్బాలో విడిగా ఉంచి చూడండి. విడిగా ఉన్నా రోజు రోజుకూ దిగుతూనే ఉంటే బోర్డు తప్పేం లేదు, సెల్ లోపలే లీకవుతోంది. అలాంటి సెల్‌ను ఇంకొన్నాళ్లు నెట్టుకొద్దామని చూడకండి, పక్కన పెట్టేయండి. లోపల లీకయ్యే సెల్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు వేడెక్కడం నేను చూశాను.

మీటర్‌తో అలవాటున్నవాళ్ల కోసం ఒక చిట్కా. సన్నటి ప్లాస్టిక్ ముక్కకు రెండు వైపులా రాగి టేపు అంటించి, ఒకదానికొకటి తగలకుండా చూసుకుని, దాన్ని సెల్ కొనకూ డివైజ్ స్ప్రింగుకూ మధ్య దూర్చండి. మీటర్ తీగలు రెండూ రెండు రేకులకు తగిలిస్తే కరెంటు మీటర్ గుండా పోతుంది. మిల్లీయాంపియర్ రేంజిలో మొదలుపెట్టండి, ఎందుకంటే సెల్ పెట్టగానే బోర్డు లేచి స్క్రీన్ వెలుగుతుంది, మైక్రోయాంపియర్ రేంజిలో అంత కరెంటు పోయేలోపే వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మళ్లీ మొదలవుతూ ఉంటుంది. స్క్రీన్ ఆరిపోయాక ఓపిగ్గా ఇంకో నిమిషం ఆగితే ముప్పై నలభై దగ్గరున్న అంకె ఒక్కసారిగా సున్నా దగ్గరికి పడిపోతుంది, అదే చిప్పు నిద్రలోకి వెళ్లిన క్షణం. అంకె అలా పడకుండా 10 దగ్గరో 20 దగ్గరో నిలబడిపోతే మీ డివైజ్‌కు నిద్ర పట్టట్లేదు, జబ్బు దొరికినట్టే. ఆ సమయంలో ఫైర్ బటన్, అంటే కాయిల్‌ను వేడెక్కించే బటన్ మాత్రం నొక్కకండి, మీటర్‌లోని ఫ్యూజు పోతుంది. మీటర్ వాడటం కొత్త అయితే ఈ పని మీద చేయి పెట్టొద్దు, రెండు రేకులూ తప్పుగా తగిలితే సెల్ షార్ట్ అవుతుంది.

ఇప్పుడు ఆఫ్ చేయమని ఎందుకు అంటున్నానో చెబుతాను. కొన్నేళ్ల కిందట నా సొంత మాడ్‌ను ఆన్‌లోనే ఉంచి భుజానికి వేసుకునే బ్యాగులో పడేసి, దాని మీద నిండు నీళ్ల సీసా పెట్టాను. బటన్ అప్పటికే కొంచెం జిగటగా ఉంది, నొక్కితే ఆలస్యంగా పైకి వచ్చేది, తుడుద్దాంలే అని రోజులు నెట్టాను. నడుస్తుంటే వీపు దగ్గర వెచ్చగా తగిలింది, ఎండ అనుకున్నాను. తర్వాత కాయిల్‌లో లిక్విడ్ పీల్చే దూది మాడిన కమురు వాసన. బ్యాగు తెరిచేసరికి ట్యాంకు పట్టుకోలేనంత కాలుతోంది, నిండుగా ఉన్న బ్యాటరీ సగానికి వచ్చింది. ఆ మాడ్‌కు 10 సెకన్ల కటాఫ్ ఉంది, అంటే బటన్ అలాగే నొక్కి పట్టినా పది సెకన్లకు కాయిల్ ఆగిపోతుంది. కటాఫ్ దాని పని అది చేసింది. కానీ నేను వేసిన ప్రతి అడుగుకూ సీసా కదిలి బటన్‌ను వదిలి మళ్లీ నొక్కుతూ ఉంటే, ప్రతి నొక్కూ కొత్త పది సెకన్లే కదా. ట్యాంకులో లిక్విడ్ అయిపోయి దూది కాలడం మొదలైంది, పక్కన కాగితాలు ఉన్నాయి. ఇంకో అరగంట అలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఐదు నొక్కులు నొక్కి ఆఫ్ చేసి ఉంటే ఆ సీసా దాన్ని ఏమీ చేయలేకపోయేది, వరసగా ఐదు చకచకా నొక్కడం బ్యాగులో సామానుకు దాదాపు సాధ్యం కాదు.

అందుకే నా పద్ధతి ఇదీ. బల్ల మీద, కంటికి కనిపించే చోట ఉన్నప్పుడు ఆన్‌లో ఉన్నా పట్టించుకోను. జేబు, బ్యాగు, దిండు కింద, కారులో సామాన్ల మధ్య అంటే మాత్రం ఆఫ్ చేసిగానీ పెట్టను. కొన్నింటిలో ఆఫ్ బదులు లాక్ ఉంటుంది, మూడుసార్లు నొక్కితే పడుతుంది, లేదా రెండు బటన్లు కలిపి నొక్కాలి. కాయిల్‌ను ఆపే లాక్ అయితే అది కూడా సరిపోతుంది, కానీ కొన్ని డివైజ్‌లలో ఆ లాక్ వాటేజీ మార్చే బటన్లకే తప్ప ఫైర్ బటన్‌కు వర్తించదు, ఒకసారి లాక్ చేసి ఫైర్ బటన్ నొక్కి చూసుకోండి. విమానంలో వెళ్లేవాళ్లకు ఆఫ్ చేయడంతో పాటు ఇంకో నియమం ఉంది, వేప్‌లు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, వెంట ఉంచుకునే బ్యాగులోనే ఉండాలి, విమానంలో చార్జి చేయకూడదు. లగేజీలో తమంతట తాము వేడెక్కి నిప్పంటుకున్న సంఘటనల తర్వాత 2015లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఈ నియమం తెచ్చింది. అసలు వేప్ తీసుకెళ్లడమే నేరమైన దేశాలు కూడా ఉన్నాయి కాబట్టి బయల్దేరేముందు అదీ చూసుకోండి.

బోర్డే లేని మెకానికల్ మాడ్‌లు వాడేవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. అందులో బటన్ అంటే నేరుగా స్విచ్చే, నొక్కకపోతే లాగే కరెంటు సున్నా, నొక్కుకుపోతే ఆపేవాడు లేడు, కటాఫ్ లేదు. కింద ఉండే లాక్ రింగు తిప్పకుండా దాన్ని జేబులో వేసుకోవడం చాలా ప్రమాదం.

ఒక్క సందర్భంలో మాత్రం ఆన్ ఆఫ్ తేడా లేకుండా ఈ కోడినిద్ర కరెంటే బ్యాటరీని చంపేస్తుంది. అది నెలల తరబడి సొరుగులో పడేసినప్పుడు. మానేద్దామనుకునో, కొత్తది వచ్చిందనో పాతదాన్ని అడుగంటిన బ్యాటరీతో అలాగే వదిలేస్తాం. అందులో 100 మిల్లీయాంప్-అవర్లు మిగిలి ఉన్నాయనుకోండి, 100 మైక్రోయాంపియర్ల చొప్పున పోతే అవి నలభై రోజులకు చాలు. ఆ తర్వాత ప్రొటెక్షన్ సర్క్యూట్ అడ్డుపడి బోర్డును విడదీస్తుంది, అది సాధారణంగా 2.5 వోల్టుల దగ్గర. కానీ ఆ ప్రొటెక్షన్ చిప్పు కూడా కొన్ని మైక్రోయాంపియర్లు తింటుంది, సెల్ తనంతట తాను కూడా దిగుతుంది. ఇలా దిగుతూ దిగుతూ మరీ కిందికి పోతే సెల్ లోపల రాగి రేకు కరగడం మొదలవుతుంది, తర్వాత చార్జి చేసినప్పుడు ఆ రాగి మళ్లీ అక్కడక్కడా పేరుకుని లోపల షార్ట్ కావడానికి దారి వేస్తుంది. బయటికి చూస్తే ఏమీ తెలియదు.

కాబట్టి నెలకు మించి వాడనిదైతే సగం చార్జి దాకా ఎక్కించి, అంటే 3.7, 3.8 వోల్టుల దగ్గర, ఆఫ్ చేసి, పాడ్ తీసేసి, చల్లటి పొడి చోట పెట్టండి, మూడు నెలలకోసారి చూసి మళ్లీ సగానికి తెండి. నిండా చార్జి చేసి దాచడం కూడా మంచిది కాదు, నిండు వోల్టేజీలో సెల్ త్వరగా ముసలిదైపోతుంది. సెల్ బయటికి వచ్చే రకమైతే తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. విడి సెల్‌ను తాళాలు, చిల్లర ఉన్న జేబులో ఎప్పుడూ వేసుకోవద్దు. 18650 సెల్‌కు పైనున్న పలుచటి ప్లాస్టిక్ తొడుగు చిరిగితే లోపలి డబ్బా మొత్తం మైనస్సే, ప్లస్ కొనకు దానికి మధ్య ఒక తాళంచెవి చాలు.

ఏళ్లు సొరుగులో ఉండి చార్జింగ్ పెడితే ఉలుకూ పలుకూ లేని డివైజ్‌ను బతికించడానికి వేరే బ్యాటరీతో ఒక్క క్షణం కరెంటిచ్చి లేపే కిటుకులు వీడియోల్లో చూపిస్తుంటారు. దయచేసి చేయకండి. మంచి చార్జర్ అడుగంటిన సెల్‌కు మొదట చాలా తక్కువ కరెంటిచ్చి చూస్తుంది, అది తీసుకోకపోతే ఎక్కించడం మానేస్తుంది, అలా మానేసిందంటే దానికి కారణం ఉంది. ఒళ్లు ఉబ్బినా, మూత లేచినట్టున్నా, తీపి వాసన వచ్చినా చార్జి చేయొద్దు, బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి. వాడి పారేసే వేప్‌లలో ఉండేది కూడా లిథియం సెల్లే, చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో నలిగి మంటలు లేవొచ్చు.

మీ విషయానికొస్తే, ఈ రాత్రి ఒక పని చేయండి. చార్జర్ తీసి రెండు గంటలు ఆగి, నాలుగు దమ్ములు లాగి, గీతలు రాసుకోండి. పాడ్ ఊడదీసి, గుంత, పిన్నులు పొడి దూది పుల్లతో తుడిచి, పాడ్ లేకుండానే డివైజ్‌ను ఆన్‌లో ఉంచి బల్ల మీద పెట్టండి. రేపు రాత్రి ఇదే పని పాడ్ బిగించి చేయండి. రెండు రాత్రులూ గీత తగ్గకపోతే ఇన్నాళ్లూ మీరు చూసింది వోల్టేజీ సర్దుబాటో, ఇప్పుడు తుడిచేసిన తేమ పనో అయి ఉంటుంది. పాడ్ ఉన్నప్పుడు మాత్రమే తగ్గితే లోపం పాడ్ దగ్గరో, లిక్విడ్ కారడం దగ్గరో ఉంది. పాడ్ లేకపోయినా తగ్గుతుంటే బోర్డుకు నిద్ర పట్టట్లేదు, లేదా సెల్ పోతోంది, అప్పుడు మోడల్ పేరు, రెండు రాత్రుల అంకెలు ఇక్కడ రాయండి, నేను చూసి చెబుతాను. సంగతి తేలేదాకా దాన్ని రాత్రిపూట మంచం మీద ఉంచుకోకండి, చార్జింగ్ కూడా మీరు మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి.